అన్న మెడ, నా రెండు చేతులు

పోయిన వారం ఆబిడ్స్ చౌరస్తాకు కాస్త ఇవతల, పట్టపగలు, నడిరోడ్డు మీద కూర్చున్నాను. మోకాళ్లు వంగని ఈ వయసులో, ముందొక బస్సు వెనకొక బస్సు హారన్లు కొడుతుంటే, ముక్కూ మొహం తెలియని ఒక పిల్లవాడి తలను రెండు అరచేతుల మధ్య పట్టుకొని కూర్చున్నాను. ఏమీ లేదు, బండికి బండి రాసుకుందట. మాటకు మాట పెరిగి, ఒకడు నెత్తినున్న హెల్మెట్ తీసి రెండోవాడి మెడ వెనక బాదాడు. తల కాపాడుకోవడానికి కొనుక్కున్న వస్తువుతో! తగిలినవాడు ముందుకు పడి, గడ్డం ఫుట్‌పాత్ అంచుకు కొట్టుకొని, వెల్లకిలా దొర్లి, మళ్లీ లేవలేదు. కొట్టినవాడు అదే హెల్మెట్ మళ్లీ తలకు తగిలించుకొని, బండెక్కి, నాంపల్లి వైపు వెళ్లిపోయాడు.

మూగినవాళ్లలో సగంమంది చేతుల్లో ఫోన్లు లేచాయి. మిగతావాళ్లలో ఇద్దరు పుణ్యాత్ములు చంకల కింద చేతులు పెట్టి పిల్లవాణ్ణి లేపబోయారు, మూడోవాడు నోట్లో నీళ్లు పోయడానికి సీసా మూత తీశాడు. లేపొద్దు, మెడ కదపొద్దు, నీళ్లు పోయొద్దు అని అరిచాను. వాళ్లలో ఒకడు నన్ను ఎగాదిగా చూసి, "తాతా, నువ్వేమన్న డాక్టర్‌వా? జర పక్కకు జరుగు" అన్నాడు. జరగలేదు. కర్ర పక్కన పడేసి కూర్చొని, ఆ తల అందుకున్నాను. అరచేతుల్లోకి ఆ బరువు రాగానే నాకు ఆబిడ్స్ కనిపించలేదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర వరిగడ్డి వాసన వచ్చింది, అన్న తల గుర్తొచ్చింది.

నేను డాక్టర్‌ను కాను. ఆరో తరగతి దాటలేదు, దాటనివ్వలేదు అనడం సబబు. లెక్క తప్పు చేశానని మా మాస్టారు చెక్క డస్టర్ తిరగేసి నా తల వెనక భాగాన కొట్టాడు. మా తరంవాళ్లకు ఇది వింతేం కాదు, మొట్టికాయా చెంపదెబ్బా చదువులో భాగమేనని మమ్మల్ని నమ్మించారు. ఆ రోజంతా నాకు గోడలు ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించాయి, తాగినవాడిలా తూలుతూ ఇల్లు చేరి వాంతులు చేసుకున్నాను. మర్నాటి నుంచి బడికి పోలేదు. తలలో సరిగ్గా అక్కడే చిన్న మెదడు ఉంటుందనీ, మనిషి తూలకుండా నిలబడడం దాని పనేననీ నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ మాస్టారికి మాత్రం ఎన్నడూ తెలిసి ఉండదు. ఆయన మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకోవాలని నేనూ అనుకోలేదు.

ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ పోయే దారిలో ఒక దుకాణంలో పనికి కుదిరాను. బడులకు కావలసిన పటాలు తయారుచేసే దుకాణం అది. నల్లగీతలతో అచ్చయి వచ్చిన బొమ్మలకు మేం కుంచెతో రంగులు నింపి, వెనక గుడ్డ అంటించి, పైనా కిందా కర్రలు బిగించేవాళ్లం. నా వంతుకు ఎక్కువగా నాడీ వ్యవస్థ పటమే వచ్చేది, ఎందుకంటే దారాల్లాంటి ఆ నరాలకు రంగు ఒలకకుండా వెయ్యడం చెయ్యి వణకనివాళ్లకే సాధ్యం. తోలు ఒలిచిన మనిషి ఒకడు చేతులు చాచి నిలబడి ఉంటాడు. పుర్రెలోపల మెదడు, దాని అడుగునుంచి వెన్నెముక గొట్టంలోకి దిగే వెన్నుపాము. ఇంత పెద్ద మనిషిని నడిపించేది చిటికెనవేలంత లావు కూడా లేని ఆ మెత్తటి తాడేనా అని కుంచె ఆపి ఆశ్చర్యపోయేవాణ్ణి. మెడ దగ్గర నుంచి నడుము దాకా దానికి రెండువైపులా జతలు జతలుగా నరాలు పుట్టి, కొమ్మలై, రెమ్మలై, వేలికొసల దాకా పోతాయి. ఒంటికి తగిలిన వార్త వాటిగుండా పైకి పోతుంది, తల ఇచ్చిన హుకుం వాటిగుండానే కిందికి వస్తుంది. తాడు ఎక్కడ తెగితే అక్కడి నుంచి కింద ఉన్న ఊరికి కబురు ఉండదు.

పటంలో పేర్లుండేవి గాని సంగతులుండేవి కావు. అందుకని ఆదివారంనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాతపుస్తకాల్లో అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు శరీరశాస్త్రం పుస్తకం ఏరుకొచ్చి, పక్కన నిఘంటువు పెట్టుకొని, ఒక్కొక్క వాక్యం విడదీసుకుంటూ చదివాను. ఎవరూ చదవమనలేదు, చదివితే ఎవరూ మెచ్చుకోలేదు. అన్న మాత్రం చాపమీద బోర్లా పడుకొని, వీపు మీద వేలితో రాసి చూపించమనేవాడు, ఏ నరం ఎక్కడికి పోతుందో. గిలిగింత పెడుతుందని నవ్వేవాడు. అంత పెద్ద వీపు నేను మళ్లీ చూడలేదు.

అన్న పహిల్వాన్. నాంపల్లిలో మా ఇంటి వెనక వీధిలో తాలీమ్ ఉండేది, అంటే కుస్తీ నేర్పే చోటు. ఎర్రమన్నులో నూనే పసుపూ కలిపి మెత్తగా తవ్విన గుంట, గోడకు ఆనించిన గదలు, పొద్దున్నే చెమట వాసన. అక్కడి ఉస్తాద్ అంటే పేటంతటికీ భక్తి. ఆయన కుస్తీ నేర్పడమే కాదు, విరిగిన ఎముకలు కట్టేవాడు, తొలగిన కీళ్లు ఎక్కించేవాడు. చెయ్యి బెణికినా, భుజం జారినా, నడుం పట్టినా దవాఖానకు పోవడం మా ఇళ్లలో నామర్దా. ఉస్తాద్ గుడ్డుసొన పూసి పట్టీ చుట్టేవాడు, లేకపోతే ఊపిరి పీల్చుకోమని చెప్పి ఒక్క గుంజుడు గుంజేవాడు, చటుక్కున చప్పుడయ్యేది, మనిషి నవ్వుకుంటూ లేచిపోయేవాడు. ఇది అబద్ధం కాదు, నా భుజమే ఆయన రెండుసార్లు ఎక్కించాడు. భుజం ఎక్కించిన చెయ్యి మెడను కూడా ఎక్కిస్తుందనుకోవడమే మా వాళ్లు చేసిన పొరపాటు.

అన్నా, మా మేనత్త కొడుకైన బావా ఒకే తాలీమ్‌లో పెరిగారు, మొజంజాహీ మార్కెట్ దగ్గర పక్కపక్కనే పండ్ల బండ్లు పెట్టుకున్నారు. ఒక ఎండాకాలం తాలీమ్‌లో జరిగిన పోటీలో అన్న బావను వెల్లకిలా పడగొట్టి, రెండు భుజాలూ మన్నుకు ఆనించాడు. పహిల్వాన్‌కు అంతకన్నా అవమానం లేదు, అదీ కన్నతల్లి ముందర. మర్నాడు పొద్దున దుకాణానికి పోయేముందు ఎప్పటిలాగే బుట్టలు దింపించడానికి నేనూ మార్కెట్‌కు పోయాను. అన్నకు నోరు ఊరుకోదు.

"ఏం బావా, వీపుకు మన్ను గట్లనే ఉన్నది? అత్తమ్మ కడగలేదా?"

"పొద్దుగాల పొద్దుగాల నాతోని పెట్టుకోకు."

"నిన్ననే పెట్టుకున్న గదా. జర దులుపుకో, మామిడిపండ్ల మీద రాలుతది. గిరాకీ ఖరాబైతది."

చుట్టుపక్కల బండ్లవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అన్న ఇంకా నవ్వుతూనే కింద ఉన్న బుట్ట ఎత్తడానికి నడుం వంచాడు. బావ చేతిలో తక్కెడలో వేసే ఇనుప గుండు ఉంది. ఆ నవ్వులు ఆగకముందే దాన్ని పైకెత్తి, వంగిన అన్న మెడ మీద దించాడు.

ఆ చప్పుడు నేను రాయలేను. ఎండుకొబ్బరి చిప్ప పగిలినట్టు అంటే చాలదు. అన్న బండి పక్కన కూలిపోయాడు, బుట్ట బోర్లాపడి పండ్లు రోడ్డంతా దొర్లాయి. గుండు ఇంకా చేతిలో ఉండగానే బావ ముఖం పాలిపోయింది. "బావా, లే బావా" అని ఏడుస్తూ లేపడానికి ఉరికాడు. నేను ఆ గుండు లాక్కొని అతని రొమ్ము మీద తన్నాను. అన్న వెల్లకిలా ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాడు. కాలివేళ్లు కదుపన్నా అన్నాను. "కదుపుతున్న గదరా" అన్నాడు. వేళ్లు కదలలేదు. గిచ్చుతున్నానని చెప్పి పిక్కమీద గిచ్చాను, ఎప్పుడు గిచ్చుతావని అడిగాడు. మోచేతులు కొంచెం మడవగలిగాడు గాని పిడికిలి మూయలేకపోయాడు. ఒక్కొక్క జవాబుకూ నా కళ్లముందు పటంలో ఒక్కొక్క కొమ్మ ఆరిపోయింది. మెడ దిగువన తాడు నలిగింది. దానికి వేలెడు ఎత్తులోనే ఊపిరిని ఆడించే నరాలు పుడతాయి. నలిగింది అక్కడిదాకా పాకలేదు కాబట్టే అన్న మాట్లాడుతున్నాడు. విరిగిన ఎముక ముక్క ఇంకొంచెం పైకి జరిగితే ఆ మాట కూడా ఉండదు.

అప్పటికే ఎవరో పోయి నాయననూ, ఉస్తాద్‌నూ, వెంట తాలీమ్ పిల్లలనూ పిలుచుకొచ్చారు. ఉస్తాద్ అన్న తల దగ్గర కూర్చొని, ఒక చెయ్యి గడ్డం కింద, ఒక చెయ్యి తల వెనక పెట్టాడు. ఆ పట్టు నాకు తెలుసు.

"నరం మీద నరమెక్కింది బిడ్డా, ఫికర్ జెయ్యకు. ఒక్క గుంజుడు గుంజితే లేసి కూసుంటవు."

"తల ముట్టకు ఉస్తాద్. మెడల బొక్క ఇరిగింది. గుంజితే ఊపిరి బందైతది."

"నీకేం ఎరుకరా?" అన్నాడు నాయన, "బొమ్మలకు రంగులేసుకునెటోనివి. కానీయ్ ఉస్తాద్, నువ్వు గుంజు."

ఉస్తాద్ కాళ్లు పట్టుకున్నాను, వినలేదు. ఉస్తాద్ ఊపిరి బిగించడం, ఆయన భుజాలు ఉబ్బడం కనిపించింది. తక్కెడకు ఉండే ఇనుప దండె పక్కన పడి ఉంది. తీసి ఆయన కుడి మణికట్టు మీద కొట్టాను. ఎముకలు కట్టే చెయ్యి నా కళ్లముందే విరిగి వేలాడింది. నన్ను చిన్నప్పుడు భుజానెక్కించుకున్న మనిషి ఆయన. ఇప్పుడు అదే జరిగినా మళ్లీ కొడతాను.

ఆ తరవాత ఉస్తాద్ శిష్యులు నా మీద పడ్డారు. నేను అన్న తలను నా రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకొని, చెవులకు అటూ ఇటూ చేతులు పెట్టి బిగబట్టుకున్నాను. కాబట్టి నాకు దెబ్బ ఆపుకోవడానికి చెయ్యి లేదు. వీపు మీద కర్రలు పడ్డాయి, పక్కటెముకల్లో తన్నారు, ఒకడు జుట్టు పట్టుకొని మోకాలితో మూతి మీద గుద్దితే ముందు పళ్లు రెండు అన్న నుదుటి మీద రాలాయి. నాయన చెప్పు తీసి కొట్టాడు, కొడుతూ ఏడ్చాడు, ఒక కొడుకు చస్తుంటే ఇంకొకడు చంపుతున్నాడని పెడబొబ్బలు పెట్టాడు. పడ్డ ప్రతి దెబ్బా భగ్గున తలలోకి ఎక్కేది. అప్పుడు కూడా మనసులో ఒక మూల నేను అనుకుంటూనే ఉన్నాను, నాకు నొప్పి తెలుస్తోంది, నా తాడు బాగుంది, అన్నది బాగాలేదు అని. నా నోటి రక్తం కారి అన్న కంట్లో పడింది. తుడవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు, ఆయనకు చెయ్యి రాదు. రెప్పలు కొట్టుకుంటూ నన్నే చూశాడు.

ఆపింది ఉస్తాదే. విరిగిన చేతిని కడుపుకు ఆనించుకొని, "బస్, బస్ జెయ్యిండ్రి. నా చెయ్యి పోయింది. ఇగ గుంజుడు ఎవనితోని గాదు. పలక తెండ్రి, దవాఖానకు మోసుకపోదాం" అన్నాడు. నా మాట నమ్మి కాదు, గుంజే చెయ్యి లేక. ఎదురు దుకాణం తలుపు పలక ఊడదీసి తెచ్చారు. మామిడిపండ్ల గంపల్లోని వరిగడ్డిని కట్టలు చేసి తలకు రెండుపక్కలా ఇరికించాం. కాళ్లవైపు పలకను మోసినవాడు మా బావే. అన్నను దవాఖానలో దించి, అటునుంచటే నడిచిపోయి పోలీసుల ముందు నిలబడ్డాడు.

మెడ ఎముక విరిగింది, వెన్నుపాము నలిగింది, బతుకుతాడు గాని నడవడు అన్నాడు డాక్టర్. నాయన ఆ మాటలో చివరి ముక్క ఒక్కటే విన్నాడు. దవాఖానకు తెచ్చినందుకే గిట్లయింది, ఉస్తాద్‌ను గుంజనిచ్చి ఉంటే ఈపాటికి లేచి తిరిగేవాడని పేటంతా అన్నారు. జరిగిన నష్టం కళ్లకు కనబడుతుంది, జరక్కుండా ఆగిన నష్టం ఎవరికి కనబడుతుంది? పెళ్లిళ్లలో, చావుల్లో, పంక్తిలో నా పక్కన విస్తరి వేసుకోవడానికి కూడా చుట్టాలు వెనకాడారు.

నెలలు గడిచాక ఇంకొక సంగతి జరిగింది. మొదట్లో గుడ్డపీలికల్లా పడి ఉన్న అన్న కాళ్లు ఉన్నట్టుండి ఎగరడం మొదలుపెట్టాయి. అమ్మ పాదాలు తుడుస్తుంటే కుడికాలు విసురుగా లేచి ఆమె దవడ మీద తన్నింది. పెదవి చిట్లి రక్తం కారుతుంటే అమ్మ నవ్వుతూ వీధిలోకి ఉరికింది, "నా కొడుకు నన్ను తన్నిండు, కాళ్లకు పానం వచ్చింది" అని ఇరుగుపొరుగును పిలిచింది. లోపల మంచం మీద అన్న, అమ్మ ఎందుకు అరుస్తోందని నన్నడుగుతున్నాడు. తన కాలు తన్నినట్టు ఆయనకు తెలియదు. కాలిని తాకిన వార్త వెన్నుపాము దాకా పోయి, పైకి పోయే దారి లేక, అక్కడినుంచే హుకుమై తిరిగొస్తుందనీ, అందులో తల ప్రమేయమే ఉండదనీ నేను చెప్పాలి. ఎట్లా చెప్పను? చెప్పాను. అమ్మ నన్ను చెంపమీద కొట్టింది. కాలు ఎగిరినప్పుడల్లా ఇంట్లో దీపం వెలిగేది, నేను నోరు విప్పితే ఆరిపోయేది.

ఉస్తాద్ మాత్రం వచ్చేవాడు. కుడిచెయ్యి వంకరగా అతుక్కొని, కట్లు కట్టడం మానేశాక కూడా, నూనెగిన్నె పట్టుకొని వచ్చి, మంచం కాళ్లవైపు కూర్చొని, స్పర్శ తెలియని ఆ కాళ్లను ఎడమచేత్తో రుద్దేవాడు. మొదట నాతో మాట్లాడలేదు. ఒకరోజు కాలు ఎగిరి నూనెగిన్నె ఒలికిపోతే, నావైపు చూసి, "నీ బొమ్మ తీస్కరా" అన్నాడు. పటం గోడకు వేలాడదీసి అన్నీ చెప్పాను. ఆయన ఎడమ చూపుడువేలితో తల నుంచి మెడ దాకా గీసుకుంటూ వచ్చి, ఊపిరి నరాల దగ్గర ఆపి, చాలాసేపు అలాగే ఉంచాడు. పోయేటప్పుడు వంకర చేతిని నా తలమీద పెట్టాడు. తరవాత నాయనకు చెప్పి చూశాడట, నాయన నమ్మలేదు, పిల్లాణ్ణి వెనకేసుకొస్తున్నావని దులిపేశాడట.

అన్న ఏమనుకునేవాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అయితే క్షవరం చెయ్యడానికి మంగలి ఇంటికొచ్చిన ప్రతిసారీ, కత్తి తీయకముందే, "తమ్ముణ్ణి పిలువుండ్రి, వాడొచ్చినంక" అనేవాడు. క్షవరమయ్యాక మెడను చటుక్కున అటూ ఇటూ విరవడం మంగళ్లకు అలవాటు కదా. నేను దుకాణం నుంచి వచ్చేదాకా సగం నురుగుతో అట్లాగే కాచుకొని ఉండేవాడు. నేను వెనక నిలబడి చెవులకు అటూ ఇటూ చేతులు పెడితే, అప్పుడు కళ్లు మూసుకునేవాడు. నాయన పట్టుకుంటానన్నా ఒప్పుకోలేదు, అమ్మ పట్టుకుంటానన్నా ఒప్పుకోలేదు. ఊపిరితిత్తులకు జబ్బు చేసి పోయేదాకా, ఎన్నో ఏళ్లు, ఆ తల బరువు నా చేతులదే.

ఇప్పుడు తాలీమ్ ఉన్నచోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. పటాల దుకాణం పోయింది, బడిపిల్లలకు అంతా తెర మీదే చూపిస్తున్నారు, రంగులు నా పటం కన్నా బాగున్నాయి, కాదనను. ఆ కాలం మంచిదని నేననను, ఆ కాలం నా పళ్లు రాలగొట్టింది. కానీ కొట్టినవాడు పలక మోశాడు. దెబ్బ తిన్నవాడు నూనెగిన్నెతో వచ్చాడు. హెల్మెట్‌తో బాదినవాడు ఏ సందులో తిరిగాడో ఎవరికీ తెలియదు. ఫోన్లు పట్టుకున్నవాళ్లు ఆ పిల్లవాడి పేరు కూడా అడగలేదు. నేనూ అడగలేదు, తప్పే. నేనడిగింది వేరు. బాబూ, కాలివేళ్లు కదుపు అన్నాను.

చెప్పు ఊడిపోయిన కాలు, బొటనవేలికి మట్టి అంటుకొని ఉంది. ఆ వేలు వంగింది, మళ్లీ లేచింది. కదిలింది, కదిలింది అని గట్టిగా అరిచాను. అంబులెన్స్ వచ్చి, వాళ్ల మనిషి మెడకు పట్టీ బిగించి, ఇక వదలండి తాతా అనేదాకా వదల్లేదు. వాళ్లు వెళ్లిపోయాక కర్ర కోసం వెతుక్కుంటూ అక్కడే కాసేపు నిలబడ్డాను. ఆ వేలు కదిలిన సంగతి నేను చెప్పుకోవలసిన మనిషి అన్న ఒక్కడే. చెబితే ఆయన కళ్లు మూసుకొని నవ్వేవాడు, తల నా చేతుల్లోనే ఉంచి.